ఇంట్లో ఒకరికి జ్వరం, దగ్గు మొదలైతే: టీకా వేయించుకున్నవారు, వేయించుకోనివారు కలిసి ఉండే ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

కరోనా అయినా, ఇన్‌ఫ్లూయెంజా అయినా, ఇంట్లో ఒకరికి గొంతు నొప్పి మొదలైన రోజున మన ఇళ్లలో తరచుగా వినిపించే మాట "అందరం టీకాలు వేయించుకున్నాం కదా, మాకేమీ కాదు" అన్నది. వేయించుకున్న మనిషికి ప్రాణాపాయం బాగా తగ్గుతుందన్నంత వరకు ఆ మాట నిజమే. కాని ఆ ధీమాతో ఇంట్లో మంచాలు, తలుపులు, కిటికీలు ఎప్పటిలాగే ఉంచేస్తే, టీకా వయసు రాని పసిబిడ్డకో, టీకా వేయించుకున్నా వాడుతున్న మందుల వల్ల రక్షణ సరిగా ఏర్పడని పెద్దవారికో ఆ వైరస్ మన ద్వారానే చేరుతుంది. అటువంటి ఇంట్లో మొదటి సాయంత్రం నుంచి చివరి రోజు వరకు ఏమి చేయాలో, ఎందుకు చేయాలో విశాఖపట్నం ఇళ్లను, ఇక్కడి గాలిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

2022 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, సీతమ్మధారలోని మా రెండు పడకగదుల ఫ్లాటులో నలుగురం ఉన్నాము. మా అత్తయ్యకు 72 ఏళ్లు, మధుమేహం ఉంది; కరోనా టీకా రెండో డోసు 2021 మే నెలలో వేయించుకున్నారు. అప్పటి నిబంధన ప్రకారం రెండో డోసు తరువాత 9 నెలలు గడిస్తేనే ముందుజాగ్రత్త డోసు (మూడో డోసు) వేసేవారు కనుక ఆవిడ వంతు ఇంకా రాలేదు. మా అమ్మాయికి 9 ఏళ్లు. అప్పుడే, జనవరి 3 నుంచి, 15 ఏళ్లు నిండినవారికి టీకా మొదలైంది కాబట్టి దానికి అవకాశమే లేదు. నేను, మా వారు రెండేసి డోసులు వేయించుకున్నాము. మా వారికి సాయంత్రం గొంతు గరగరలాడింది. రెండు డోసులయ్యాయి కాబట్టి ఇది మామూలు జలుబేనని అనుకున్నాము. ఆ రాత్రి ఏసీ గదిలో తలుపులు వేసుకుని అమ్మాయి తండ్రి పక్కనే కూర్చుని చదువుకుంది. మూడో రోజు దానికి జ్వరం, ఐదో రోజు అత్తయ్యకు దగ్గు వచ్చాయి. అత్తయ్య ఆక్సిజన్ 95కు తగ్గకుండా ఇంట్లోనే కోలుకున్నారు. టీకా చేయవలసిన మేలు ఆవిడకు చేసిందనే నా నమ్మకం. కాని వైరస్‌ను మా హాలు వరకు రాకుండా ఆపవలసింది మేము, అది మేము చేయలేదు.

ఒక్క ఇంటి అనుభవంతో లెక్కలు కట్టకూడదు కనుక, పెద్ద పరిశీలనల్లో తేలిన సంగతి చెబుతాను. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు కరోనాలో డెల్టా రకం సోకినవారితో ఒకే ఇంట్లో ఉన్న 205 మందిని పరిశీలించి, 2021 అక్టోబరులో ఫలితాలు వెల్లడించారు. రెండు డోసులు వేయించుకున్న 126 మందిలో 31 మందికి, అంటే 25 శాతం మందికి, వైరస్ అంటింది. అసలు వేయించుకోని 40 మందిలో 15 మందికి, అంటే 38 శాతం మందికి అంటింది. టీకా వల్ల అంటుకునే అవకాశం తగ్గిందన్నది స్పష్టమే. అయితే ఇంట్లోకి వైరస్ తెచ్చిన మనిషి టీకా వేయించుకున్నవారైనప్పుడు ఇంట్లోవారిలో 25 శాతం మందికి, వేయించుకోనివారైనప్పుడు 23 శాతం మందికి సోకింది, అంటే దాదాపు తేడా లేదు. ఇద్దరి ముక్కుల్లోనూ వైరస్ గరిష్ఠ స్థాయి ఇంచుమించు ఒకటే. టీకా వేయించుకున్నవారిలో అది త్వరగా తగ్గిపోయింది, అంతే. రెండో డోసు తరువాత ఎన్ని రోజులు గడిచాయన్నది కూడా వారు చూశారు. టీకా వేయించుకున్నా వైరస్ అంటినవారికి మధ్యస్థంగా 101 రోజులు, అంటనివారికి 64 రోజులు గడిచాయి.

అంతకు కొన్ని నెలల ముందు, డెల్టా వ్యాపించక ముందు, ఇంగ్లండ్‌లో జరిగిన మరో పరిశీలనలో ఆస్ట్రాజెనెకా టీకా (మన కోవిషీల్డ్ అదే) గాని, ఫైజర్ టీకా గాని తీసుకుని 21 రోజులు గడిచిన తరువాత వ్యాధి వచ్చినవారి నుంచి ఇంట్లోవారికి సోకడం 40 నుంచి 50 శాతం తక్కువగా ఉన్నట్టు తేలింది. ఈ రెండు ఫలితాలూ పరస్పర విరుద్ధాలని కొందరు వాదిస్తారు. నాకు అలా అనిపించదు. వైరస్ రూపం మారుతున్న కొద్దీ, డోసు వేయించుకుని నెలలు గడుస్తున్న కొద్దీ, ఇతరులకు అంటించకుండా ఆపే శక్తి ముందుగా పలచబడుతుంది. తీవ్రమైన జబ్బు రాకుండా కాపాడే శక్తి అంతకంటే చాలా కాలం నిలుస్తుంది.

దీనికి కారణం శరీరంలోనే ఉంది. భుజానికి వేసే ఇంజెక్షను వల్ల పుట్టే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ప్రధానంగా రక్తంలో తిరుగుతాయి. అవి ఊపిరితిత్తులను బాగా కాపాడతాయి. వైరస్ మొదట దిగేది మాత్రం ముక్కు, గొంతుల తడిపొర మీద. ఆ పొరను కాచే ప్రతిరక్షకాలు భుజం టీకాతో అంతగా పుట్టవు. అందువల్ల రెండు మూడు రోజులు వైరస్ ముక్కులో పెరిగి, మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు బయటికి వస్తుంది. ఈలోగా శరీరం మేలుకుని దానిని తరుముతుంది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారు చేసి, 2023 జనవరి 26న విడుదలైన ముక్కు టీకా వెనుక ఉన్న ఆలోచన కూడా ఈ తడిపొరను నేరుగా సిద్ధం చేయడమే.

కాగితం తీసుకుని రాయవలసిన సంగతులు

మొదటి సాయంత్రం, పరీక్ష చేయించకముందే చేయవలసిన పని ఒకటుంది. ఒక కాగితం మీద ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి పేరు, వయసు, ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు, ఏ టీకా చివరిసారి ఏ తేదీన వేయించుకున్నారన్నది రాయండి. "వేయించుకున్నారా, లేదా" అన్న ప్రశ్నకు అవును, కాదు అనే జవాబుతో ఏమీ తేలదు. మూడేళ్ల క్రితం వేయించుకున్న కరోనా టీకా, రెండు నెలల క్రితం వేయించుకున్న ఫ్లూ టీకా ఒకటి కావు. ఒకదానికి వేసిన టీకా మరొకదానిని ఆపదు కూడా.

కాగితం పూర్తయ్యాక, అందులో ఎవరికి సోకితే ప్రమాదం ఎక్కువో వారి పేర్ల కింద గీత గీయండి. 60 దాటినవారు, మధుమేహం, గుండె జబ్బు, ఆస్తమా, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకుంటున్నవారు, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, చాలా కాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు, గర్భిణులు, పసిబిడ్డలు ఈ జాబితాలోకి వస్తారు. ఆరు నెలల లోపు బిడ్డకు ఫ్లూ టీకా వేయరు కాబట్టి ఆ బిడ్డకు చుట్టూ ఉన్న మనుషులే రక్షణ. ఇక్కడ ఒక మాట నొక్కి చెబుతున్నాను: అవయవ మార్పిడి తరువాత మందులు వాడేవారు, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు టీకా వేయించుకున్నా, ఇంటి జాగ్రత్తల విషయంలో వారిని టీకా వేయించుకోనివారితో సమానంగానే చూడాలి.

తరువాత, రోగి దగ్గరకు వెళ్లే మనిషిని ఒక్కరినే నిర్ణయించండి. గీత లేని పేర్లలో నుంచి, ఆరోగ్యంగా ఉండి, ఇటీవల టీకా వేయించుకున్నవారిని ఎంచుకోవాలి. టీకా తేదీ ఉపయోగపడేది ఈ ఎంపికకే. మాస్కు మినహాయింపుకు కాదు. మన ఇళ్లలో ఈ పని అడగకుండానే తల్లి మీదనో కోడలి మీదనో పడుతుంది. ఆమె గర్భిణి అయినా, పాలిచ్చే తల్లి అయినా అంతే. ఈసారి భర్తో, ఎదిగిన కొడుకో గంజి గిన్నె పట్టుకుని వెళ్లడం మంచిది. అన్ని గదుల్లోకీ అందరూ వెళ్లి పలకరించడం ప్రేమే అయినా, ఈ వారం రోజులు ఆ పలకరింపు ఫోనులో జరగాలి.

గది, గాలి

ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే ముఖ్యమని నమ్మేది ఈ భాగమే. శ్వాస ద్వారా వ్యాపించే వైరస్‌లు పెద్ద తుంపరలలోనే కాక, గాలిలో చాలా సేపు తేలే అతి సన్నని కణాల్లో కూడా ఉంటాయి. మూసిన గదిలో అవి అగరుబత్తి పొగలా పేరుకుంటాయి. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే చల్లబరచి మళ్లీ మన మీదికి వదులుతుంది. సీలింగ్ ఫ్యాను కూడా గాలిని కలియబెడుతుంది తప్ప బయటికి పంపదు. ఆ రాత్రి మా అమ్మాయి కూర్చున్నది సరిగ్గా అటువంటి గదిలోనే.

రోగికి వీలైతే స్నానాలగది లోపలే ఉన్న పడకగది ఇవ్వండి. ఆ స్నానాలగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే రోజంతా తిప్పండి, స్నానాలగది తలుపు కొంచెం తెరిచి ఉంచండి. అప్పుడు గదిలోని గాలి ఆ ఫ్యాను గుండా బయటికి పోతుంది, ఆ లోటు తీరడానికి హాలులోని గాలి తలుపు సందుల్లోంచి గదిలోకి వస్తుంది. గది గాలి హాలులోకి రాదు. మనకు కావలసిన దిశ అదే. ఎగ్జాస్ట్ ఫ్యాను లేకపోతే, కిటికీ ముందు టేబుల్ ఫ్యాను పెట్టి దాని ముఖం బయటికి తిప్పండి. రోగికి గాలి తగలదే అని బెంగ పడనక్కర్లేదు, సీలింగ్ ఫ్యాను మెల్లగా తిరుగుతూ ఉండవచ్చు.

మన ఊరికి ఒక వరం ఉంది. ఎండ ఎక్కాక పగలంతా సముద్రం నుంచి నేల మీదికి గాలి వీస్తుంది. రాత్రి పొద్దుపోయాక అది తిరగబడి నేల నుంచి సముద్రం వైపు మెల్లగా సాగుతుంది. పెదవాల్తేరు, ఎం.వి.పి. కాలనీ వంటి చోట్ల సముద్రం వైపు కిటికీ ఉన్న గదిని రోగికి ఇస్తే, పగటి గాలి ఆ గదిలోకి వచ్చి, తలుపు సందుల్లోంచి వైరస్‌ను మిగతా ఇంట్లోకి నెట్టుతుంది. కనుక రెండు గదుల్లో ఏదైనా ఇవ్వగలిగినప్పుడు, సముద్రానికి ఎదురు దిక్కున ఉన్న గదిని ఇవ్వడం మేలు. ఆరోగ్యంగా ఉన్నవారు సముద్రం వైపు కిటికీలు బార్లా తెరుచుకుని కూర్చోవచ్చు. గాజువాక వైపు యారాడ కొండ అడ్డుంటుంది, గోపాలపట్నం వైపు సింహాచలం కొండలు ఉంటాయి, మధురవాడలో పెద్ద అపార్టుమెంట్ల మధ్య గాలి ఎటు తిరుగుతుందో ఊహించడం కష్టం. అందుకని తలుపు సందు దగ్గర సన్నని దారమో, న్యూస్‌పేపరు పీలికో వేలాడదీసి పగలొకసారి, రాత్రొకసారి చూడండి. పీలిక గది లోపలికి వంగితే మంచిది. హాలు వైపు వంగితే తలుపు కింద తడిగుడ్డ చుట్ట పెట్టి, కిటికీ ఫ్యానుతో గాలిని బయటికి లాగాలి. పొగ పెట్టి చూడవద్దు, దగ్గే మనిషికి అది బాధ.

మే నెల ఉక్కపోతలో ఏసీ లేకుండా జ్వరంతో పడుకోమని ఎవరికీ చెప్పలేము. ఏసీ వేసుకున్నా కిటికీ బెత్తెడు తెరిచి ఉంచండి. కరెంటు బిల్లు కొంత పెరిగినా ఈ వారం రోజులకు ఆ ఖర్చు పెట్టదగినదే. తుపాను వానల్లో కిటికీలు మూయక తప్పనప్పుడు మాస్కు సమయం పెంచాలి.

కంచరపాలెంలోనో, కొండవాలు పేటల్లోనో ఒకే గదిలో ఐదుగురు ఉండే ఇళ్లకు వేరే గది అన్న సలహా పనికిరాదు, వారిని చిన్నబుచ్చడం తప్ప. అటువంటి ఇంట్లో రోగిని గాలి బయటికి పోయే ద్వారం లేదా కిటికీ దగ్గర పడుకోబెట్టి, గీత గీసిన పేర్లవారిని గాలి లోపలికి వచ్చే వైపు ఉంచండి. ఒకరి తల వైపు మరొకరి కాళ్లు వచ్చేలా పడుకుంటే ముఖాల మధ్య దూరం పెరుగుతుంది. పగలు అరుగు మీద, వీధి వసారాలో, డాబా మీద గడపండి. భోజనాలు బయటే చేయండి, ఎందుకంటే తినేటప్పుడు అందరి మాస్కులూ ఒకేసారి తీయవలసి వస్తుంది. బంధువుల ఇంటికి పసిబిడ్డను, పెద్దవారిని పంపాలనుకుంటే ఒక్క క్షణం ఆగండి: వారికి ఇప్పటికే సోకి ఉండవచ్చు, ఆ ఇంట్లో ఇంకో పెద్దావిడ ఉండవచ్చు.

మాస్కు

రోగి, రోగి దగ్గరకు వెళ్లే మనిషి, ఇద్దరూ పెట్టుకోవాలి. ఎన్-95 మాస్కు గాలిలోని సన్నని కణాల్లో కనీసం 95 శాతాన్ని వడగడుతుంది, అయితే అది ముఖానికి అంచులన్నీ ఆనుకున్నప్పుడే. గట్టిగా ఊపిరి వదిలినప్పుడు కళ్లద్దాలు మసకబారితే ముక్కు దగ్గర సందు ఉన్నట్టు. కవాటం ఉన్న మాస్కు రోగికి ఇవ్వకూడదు. వదిలిన ఊపిరి ఆ కవాటం నుంచి వడపోత లేకుండానే బయటికి వస్తుంది. ఎన్-95ను ఉతకకూడదు. నాలుగైదు మాస్కులు తీసుకుని, వాడినదానిని కాగితం సంచిలో ఉంచి గాలికి ఆరనిస్తూ, రోజుకు ఒకటి చొప్పున మార్చి వాడుకోవచ్చు. తాడు సాగినా, తడిసినా పారవేయాలి. ఐదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకు మాస్కు అవసరం లేదని మన కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. కనుక చిన్న పిల్లలున్న ఇంట్లో మాస్కు పెద్దల ముఖాల మీదే ఉండాలి.

జ్వరం వచ్చిన తల్లి పాలివ్వడం మానకూడదు. చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్కు పెట్టుకుని ఇవ్వాలి. మిగతా సమయంలో బిడ్డను ఆరోగ్యంగా ఉన్నవారు ఎత్తుకోవాలి. ఆమె పాలలో బిడ్డకు రక్షణ ఉంటుంది.

గిన్నెలు, బట్టలు, ఆవిరి

వీటి మీద మనం పెట్టే శ్రమ ఎక్కువ, వీటి వల్ల వచ్చే ప్రమాదం తక్కువ. కరోనా, ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌ల పైన కొవ్వు పొర ఉంటుంది, మామూలు సబ్బు దానిని విరగగొడుతుంది. 20 సెకన్లు చేతులు రుద్దుకుంటే చాలు, గిన్నెలు మామూలు సబ్బుతోనే తోమితే చాలు. స్నానాలగది ఒకటే అయితే రోగి అందరికంటే చివర వాడి, కిటికీ తెరిచి, అరగంట ఖాళీగా వదిలేయాలి. శుభ్రం చేయాలన్న తొందరలో బ్లీచింగ్ పౌడరును, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను కలిపి వాడవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది.

ఆవిరి పట్టడం మనకు తాతల నాటి అలవాటు. ముక్కు దిబ్బడకు కొంత హాయి కలుగుతుంది, వైరస్ చావదు. పిల్లలకు మరుగునీటి గిన్నె పెట్టి దుప్పటి కప్పడం మాత్రం దయచేసి మానండి. గిన్నె ఒలికి ఒళ్లు కాలడం ఎంత సులువో చెప్పనక్కర్లేదు. నెబ్యులైజరు పెట్టవలసివస్తే కిటికీ తెరిచి, మిగతావారు గదిలో లేనప్పుడు పెట్టాలి.

యాంటీబయాటిక్‌లు వైరస్ మీద పనిచేయవు. మందుల షాపులో అడిగి అజిత్రోమైసిన్ కొనుక్కోవడం వల్ల లాభం లేదు. జ్వరానికి పారాసెటమాల్, తగినన్ని ద్రవాలు చాలు. పిల్లలకు బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదు ఇవ్వాలి, ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

పరీక్ష, రోజుల లెక్క

ఇన్‌ఫ్లూయెంజాను, కరోనాను లక్షణాలతో వేరు చేయడం డాక్టరుకే కష్టం. ఇంట్లో చేసుకునే కిట్టు మొదటి రోజు నెగటివ్ చూపితే అంతటితో నిశ్చింత పడకూడదు. ముఖ్యంగా టీకా వేయించుకున్నవారిలో శరీరం త్వరగా స్పందించడం వల్ల వైరస్ బాగా పెరగకముందే గొంతు నొప్పి, జ్వరం మొదలవుతాయి. అందుకే 48 గంటల తరువాత మళ్లీ పరీక్షించాలి. అంతవరకు ఉందనే భావించి జాగ్రత్త పడాలి. టీకా వల్లనే పరీక్షలో పాజిటివ్ వస్తుందన్న మాట నిజం కాదు. కిట్టు చూసేది ముక్కులో ఉన్న వైరస్‌నే.

లక్షణాలు మొదలైన రోజును సున్నాగా రాసుకోండి. ఫ్లూ సోకినవారు లక్షణాలకు ఒక రోజు ముందు నుంచి, ఆ తరువాత 5 నుంచి 7 రోజుల వరకు అంటించగలరు. కరోనాలో రెండు రోజుల ముందు నుంచే మొదలై, మామూలు ఆరోగ్యం ఉన్నవారిలో పది రోజులలోపు ముగుస్తుంది. చిన్నపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవారు అంతకంటే ఎక్కువ రోజులు వైరస్‌ను వదులుతారు. 2022 జనవరిలో మన ప్రభుత్వం ఇచ్చిన నియమం ప్రకారం, స్వల్ప లక్షణాలున్నవారు పాజిటివ్ వచ్చినప్పటి నుంచి కనీసం 7 రోజులు విడిగా ఉండాలి, అందులో చివరి 3 రోజులు జ్వరం ఉండకూడదు. పారాసెటమాల్ వేసుకుని తగ్గిన జ్వరాన్ని తగ్గినట్టు లెక్కించకూడదు. గది నుంచి బయటికి వచ్చిన తరువాత మరి కొన్ని రోజులు, గీత గీసిన పేర్లవారి దగ్గర మాస్కుతోనే ఉండటం మంచిదని నా సలహా.

లక్షణాలకు ముందు గడిచిన ఆ ఒకటి రెండు రోజుల వల్ల, రోగిని గదిలోకి పంపే సమయానికే ఇంట్లో మరొకరికి సోకి ఉండవచ్చు. సోకిన తరువాత ఫ్లూ 1 నుంచి 4 రోజుల్లో బయటపడుతుంది. ఒమిక్రాన్ రకాలు సుమారు 3 రోజుల్లో. కనుక ఆరోగ్యంగా కనబడేవారంతా మొదటి వారం రోజులు, టీకాతో నిమిత్తం లేకుండా, పసిబిడ్డ దగ్గర, పెద్దవారి దగ్గర మాస్కు పెట్టుకోవాలి. ఇంట్లో రెండో మనిషికి లక్షణాలు మొదలైతే వారికి వేరే సున్నా రోజు రాయాలి. ఆ ఇద్దరినీ ఒకే గదిలో ఉంచవచ్చు, ఇద్దరిదీ ఒకే వైరస్ అయినంత కాలం.

ఆసుపత్రికి ఎప్పుడు

ఆక్సిజన్ చూసే పరికరాన్ని వేలికి పెట్టే ముందు గోళ్ల రంగు తుడిచి, చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక అంకె స్థిరపడేవరకు చూడండి. 94 కంటే తక్కువ వస్తే, ఊపిరి ఆడకపోతే, ఛాతీలో నొప్పి, మాట తడబాటు, మగత, పెదవులు నీలబడటం కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కు ఫోను చేయాలి. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి, హనుమంతవాక దగ్గర విమ్స్, వాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రి ఉన్నాయి. ఇంటి నుంచి ఏది దగ్గరో, రాత్రి పూట ఎలా వెళ్లాలో మొదటి రోజే అనుకుని ఉండాలి.

చిన్నపిల్లల్లో శ్వాసను గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా ఎక్కువ, 2 నుంచి 12 నెలల లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40 లేదా ఎక్కువ ఉంటే అది వేగమైన శ్వాస. పక్కలు ఎగరేయడం, పాలు తాగలేకపోవడం తోడైతే తెల్లవారేదాకా ఆగకూడదు.

గీత గీసిన పేర్లలో ఎవరికైనా ఫ్లూ అనుమానం ఉంటే మొదటి 48 గంటల్లోనే డాక్టరును కలవాలి. ఒసెల్టామివిర్ అనే మందు ఆ సమయంలో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. టీకా వేయించుకున్నారు కదా అని ఈ రెండు రోజులు వదులుకోవడం నేను తరచుగా చూసే పొరపాటు.

టీకా వేయించుకోనివారితో మాట

ఇంట్లో టీకా వేయించుకోని పెద్దవారు ఉంటే, జబ్బు వచ్చిన రోజున వారిని నిందించడం వల్ల వారు దగ్గును దాచుకుంటారు, అంతకు మించి ఏమీ జరగదు. దాచిన దగ్గు ఇంటికి ఎక్కువ ప్రమాదం. ఆ రోజు వారికి మంచి గాలి ఉన్న చోటు, మాస్కు ఇవ్వండి, మాట తరువాత. రక్షణ ఏర్పడటానికి రెండు వారాల దాకా పడుతుంది కనుక, ఆ రోజే పరుగెత్తి వేయించినా ఈ విడతకు అక్కరకు రాదు. అందరూ కోలుకున్నాక, వారికి ఏమి భయమో అడిగి, వారు నమ్మే డాక్టరు దగ్గరకో, వార్డు పరిధిలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉండే ఏఎన్ఎం దగ్గరకో తీసుకువెళ్లి ఆ మాట చెప్పించండి.

మన దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు, వానాకాలంలోను, జనవరి నుంచి మార్చి మధ్యలోను ఎక్కువవుతుంది. వైరస్ రూపం మారుతుంది కాబట్టి టీకా కూడా ఏటా కొత్తగా వేయించుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో దొరుకుతుంది. గర్భిణి వేయించుకుంటే పుట్టిన బిడ్డకు మొదటి నెలల్లో కూడా రక్షణ అందుతుంది. మా ఇంట్లో 2022లో రాసిన ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికీ ఉంది. అత్తయ్య పేరు కింద గీత అలాగే ఉంది, అమ్మాయి పేరు పక్కన టీకా తేదీలు చేరాయి. ఏటా మే నెలాఖరున, వానలు మొదలుకాకముందే, దానిని తీసి ఎవరి ఫ్లూ టీకాకు ఏడాది నిండిందో చూసి, డాక్టరుకు ఫోను చేస్తాము.